ఎదిగిన బిడ్డల చొక్కాలు

నా చిన్నతనంలో నా ఒంటి మీది గౌను నాదేనని నేను ఎన్నడూ ధీమాగా అనుకోలేదు. నాకంటే ముందు అది ఎవరిదో, నా తర్వాత ఇంకెవరిదో. మధ్యలో కొన్ని నెలలు నా దగ్గర మకాం వేసి వెళ్లిపోయేది. ఈ మాట చెప్పగానే మా మనవరాళ్లు అయ్యో పాపం అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. పాపం ఎందుకు? కర్నూలు పాత పేటలో మా బడికి వచ్చే పిల్లల్లో నా అంత సింగారంగా వచ్చినవాళ్లు ఎవరున్నారు? లేసు అంచు గౌన్లు, బుట్టచేతుల జాకెట్లు, ఒకసారైతే మఖమలు పరికిణీ కూడా తొడిగాను. కాకపోతే వాటిలో ఏదీ నాతో పాటు పాతబడలేదు, అంతే.

ఇదంతా ఖాలా పుణ్యం. ఖాలా అంటే సాయిబుల భాషలో పిన్నమ్మ. ఆమె అసలు పేరు మా వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. భర్త పోయాక ఇంటి ముందు వసారాలో రెండు తాళ్లు కట్టి, ఒక చాప పరిచి, ఒక ట్రంకుపెట్టె పెట్టుకుని కూర్చుంది. అదే అంగడి. పిల్లలు పెరిగి బట్టలు పొట్టివైపోతే చుట్టుపక్కల ఆడవాళ్లు వాటిని ఉతికి తెచ్చి ఆమె దగ్గర పెట్టేవాళ్లు. అమ్ముడుపోతే ఖాలా తన పాలు ఉంచుకుని మిగతాది వాళ్ల చేతికిచ్చేది. పోకపోతే బట్టే తిరిగి ఇచ్చేది. మా వైపు దాన్ని అమ్మిపెట్టడం అంటారు.

ఖాలాకు చదువు రాదు. ఏ బట్ట ఎవరిదో గుర్తుకు ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం అనుకుని, అంచు లోపలివైపు ఆ రంగుతో రెండు కుట్లు వేసేది. ఎర్ర దారం వకీలుగారిల్లు. పసుపు దారం మార్వాడీ సేటు ఇల్లు. నీలం దారం మాది. నేను బడిలో కూర్చుని పక్కపిల్ల గౌను అంచు తిరగేసి, "నువ్వు వకీలుగారి బట్ట తొడిగినావే" అని అని, ఒకసారి పంతులమ్మ చేత మొట్టికాయ తిన్నాను. తప్పేముంది? నాది మాత్రం ఎవరిదని?

మాది ఆలూరు వైపు పల్లె. వానలు ఎగ్గొట్టి ఎగ్గొట్టి చేను నోరు తెరిచాక, నాన్న దాన్ని కోరుకు, అంటే పంటలో పాలుకు, ఇచ్చేసి కర్నూల్లో శనక్కాయల మిల్లులో గుమాస్తాగా చేరాడు. అమ్మకు పట్నంలో కాలు నిలవలేదు. పొలం పని చేసిన చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా? ఖాలా అంగడి కనిపించాక ఆమెకు దారి దొరికింది. మా ఒంటికంటే రెండింతలు పెద్ద బట్టలు ఏరి కొనేది. నడుం దగ్గరా అంచు దగ్గరా లోపలికి మడిచి టాకాలు వేసి నాకూ మా తమ్ముడికీ తొడిగేది. కొన్ని నెలలు పోయాక, రంగు వెలవకముందే టాకాలు విప్పి, కుంకుడురసంలో ఉతికి, గంజి పెట్టి, చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేసేది. మడత లోపల ఎండ తగలని గుడ్డ కొత్తదాని మాదిరి మెరిసేది. పల్లెకు పోయినప్పుడల్లా ఒక మూట వెంట పోయేది. మా పల్లె ఆడవాళ్లకు ఆ మెరిసే పట్టీని చూపించి, చూడండి గుడ్డ ఎట్లుండాదో అని అమ్మేది. మాసిన భాగం చూపించేది కాదని నేను చెప్పనక్కర్లేదు. అక్కడ అమ్ముడుపోనివి నీలం దారంతో ఖాలా తాడెక్కేవి.

ఈ వ్యాపారంలో నష్టమంతా మాది. నేల మీద కూర్చోరాదు. నేరేడుపండ్లు తినరాదు. సిరాబుడ్డి దగ్గరికి పోరాదు. అరువు సొమ్ములు బరువు చేటు అని మా అవ్వ అనేది గానీ, డబ్బిచ్చి కొన్న బట్టకూ అంత బరువుంటుందని ఆమెకు తెలియదు. పండుగకు పల్లెకు పోతే, కిందటేడు నేను తొడిగిన గౌనుతో ఏ పిల్లో పేడ తట్ట మోస్తూ ఎదురయ్యేది. నేను ముఖం తిప్పుకుని పోయేదాన్ని. ఆ పిల్ల హాయిగా దాని మీదే చేతులు తుడుచుకునేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గౌనుకు మోక్షం వచ్చింది ఆ పిల్ల దగ్గరే అనిపిస్తుంది.

ఖాలా అంగడిలో బేరాలు, నవ్వులు, తగవులు అన్నీ నడిచేవి. కానీ ఎవరు మూట తెచ్చినా ముడి విప్పకముందు ఖాలా ఒక మాట అడిగేది. "బిడ్డ ఉండాడా?" అని. ఆడపిల్ల బట్టలైతే "ఉండాదా?" అని. ఉండాడు ఖాలా, దున్నపోతు మాదిరి ఉండాడు, మీద పడి తింటాండాడు అని వాళ్లు నవ్వేవాళ్లు. అప్పుడు ముడి విప్పేది. పోయిన బిడ్డ బట్ట బతికిన బిడ్డకు తొడగరాదని మా వైపు హిందువుల్లోనూ సాయిబుల్లోనూ ఒకటే పట్టింపు. ఎప్పుడైనా ఏ తల్లైనా ఆ మాటకు తల వంచుకుంటే ఖాలా ఇంకేమీ అడిగేది కాదు. మూట తీసుకుని పక్కన పెట్టేది. దానికి దారం కుట్టేది కాదు. దారం లేని బట్ట అమ్మకానికి కాదు. అది తర్వాత తుంగభద్రలో కలిసేది.

మా అమ్మకు ఈ పట్టింపు అందరికంటే ఎక్కువ. దానికి కారణం మా చిన్నమ్మ.

చిన్నమ్మ అమ్మకు ఒక్కతే చెల్లెలు. ఆలూరికి ఒక కోసు దూరంలో ఇచ్చారు. మొదటి కాన్పులో మగబిడ్డ, రెండో కాన్పులో మగబిడ్డ, ఇద్దరూ నాలుగేళ్లు నిండకుండానే పోయారు. మూడోవాడు పుట్టినప్పుడు, మృత్యువు కన్ను పడకుండా, పెద్దవాళ్లు వాణ్ని చేటలో పెట్టి పెంటదిబ్బ దాకా తీసుకుపోయి తిరిగి తెచ్చారు. ఎవరూ కోరని పేరొకటి పెట్టారు. ఐదేళ్లు నిండేదాకా వాడి ఒంటి మీద కొత్త గుడ్డ పడరాదన్నారు. ఎదిగిన బిడ్డల పాత బట్టలే తొడగాలి. బతికి బట్టకట్టడం అంటామే, మా వాడికి ఆ బట్ట ఇంకొకరు కట్టి విడిచింది కావాలి. ఆ బట్టలు తేవడం మా అమ్మ బాధ్యత. కర్నూల్లో ఖాలా తాడు మీద ఎన్ని చొక్కాలు వేలాడినా, చిన్నమ్మ కొడుక్కి ఏరేటప్పుడు అమ్మ ముఖమే మారిపోయేది. ఇది ఎవరి బిడ్డది, వాడు ఎట్లుంటాడు, దగ్గూ జ్వరమూ లేవు కదా అని ఖాలా ప్రాణం తీసేది. గుమ్మడికాయంత పిల్లవాడి చొక్కా దొరికితే దాన్ని కళ్లకద్దుకుని మూటలో పెట్టేది.

అవి కర్నూలు రాజధాని అయిన రోజులు. ఎక్కడెక్కడి నుంచో గుమాస్తాలూ ఆఫీసర్లూ పెళ్లాం బిడ్డలతో వచ్చిపడ్డారు. ఇళ్లు చాలక గుడారాలు వేశారు. కోస్తా నుంచి వచ్చిన ఆడవాళ్లు మా నీళ్లను తిట్టి, మా దుమ్మును తిట్టి, మా ఎండను కూడా తిట్టారు. బెజవాడ నుంచి వచ్చి ఎండను తిట్టడమేమిటో నాకు ఈ రోజుకూ అర్థం కాదు. వాళ్ల మాటా మా మాటా తెలుగే. కానీ మేం పోవడం అంటే వెళ్లడం, వాళ్లు పోవడం అంటే చావడం. మా అమ్మ ఒకసారి కుళాయి దగ్గర ఒకామెను "మీ ఆయన పోయినాడా?" అని మర్యాదగా అడిగితే, ఆమె శివశివా అని బిందె అక్కడే వదిలేసి చెవులు మూసుకుంది. ఆఫీసుకు పోయినాడా అని అమ్మ ఉద్దేశం. తర్వాత తర్వాత వాళ్లు అలవాటు పడ్డారు.

అట్లా వచ్చినవాళ్లలో ఒక గుమాస్తా భార్య. సన్నగా, తెల్లగా, మెత్తగా మాట్లాడే మనిషి. చలికాలం మొదట్లో ఒక మూట తెచ్చి ఖాలా దగ్గర పెట్టిందట. పాత బట్టలు అమ్ముకోవడం వాళ్లలో నామోషీ కాబట్టి తల నిండా కొంగు కప్పుకుని, ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకుని వచ్చింది. ఖాలా తన మామూలు మాట అడిగింది. బిడ్డ వెంట ఉన్నాడా అని అడుగుతోందనుకుంది ఆమె. "లేడండీ" అంది. గొంతు కూడా సరిగా పెగల్లేదట. వంచిన తలా, వినిపించని గొంతూ చూసి ఖాలా ఇంకో మాట అడగలేదు. ఆ మూటను దారం కుట్టకుండా పెట్టె పక్కన పెట్టింది.

ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నం నేనూ అమ్మా అంగడికి పోయేసరికి ఖాలా నమాజుకు లేస్తోంది. కాసేపు కూర్చోమని అమ్మకు చెప్పి లోపలికి పోయింది. అమ్మ చేతులు ఊరికే ఉంటాయా? ఆ మూట విప్పింది. పైనే స్వెట్టరు ఉంది. ఆవపిండి రంగు ఊలుతో చేతి అల్లిక. ముందు రెండు బాతులు. అంత చక్కటి పని మేము అప్పటిదాకా చూడలేదు. అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చంకల్లో చూసి, మెడ దగ్గర చూసి, వెచ్చగా ఉందని నా చెంపకు ఆనించింది. దారం లేదని గమనించింది. ఖాలా కుట్టడం మరిచిపోయి ఉంటుందిలే అనుకుంది. తొందర ఆమెది. ఆ సాయంత్రమే ఆలూరు బస్సుకు పోవాలి. మామూలు ధర కంటే కాస్త ఎక్కువే చాప కింద పెట్టి, ఖాలా, బాతుల స్వెట్టరు తీసుకున్నా అని లోపలికి వినపడేట్టు కేకేసి వచ్చేసింది. నమాజులో ఉన్న మనిషి ఏం వింటుంది?

చిన్నమ్మ కొడుక్కి ఆ స్వెట్టరు అచ్చంగా కొలిచి అల్లినట్టు పట్టింది. వాడికి అప్పటికి మూడేళ్లు. బాతుల్ని చూపించి కోళ్లు కోళ్లు అని ఇల్లంతా తిరిగాడు. చిన్నమ్మ వాణ్ని ఎత్తుకుని వాకిట్లో నిలబడితే, ఆ పొద్దున ఎండలో ఇద్దరూ ఎంత బాగున్నారో. నాకు వాడంటే అసూయ, ప్రేమ, రెండూ సమంగా ఉండేవి.

మేము తిరిగొచ్చి ఖాలా దగ్గరికి పోయినప్పుడు అమ్మ గొప్పగా చెప్పింది, స్వెట్టరు ఎంత బాగా పట్టిందో. ఖాలా కుడుతున్న సూది ఆగిపోయింది.

"దారం లేదని చూడలేదా బేటీ?"

"మరిచిపోయినావనుకున్న ఖాలా."

"యా అల్లా. ఆ బిడ్డ లేడంటమ్మా. ఆయమ్మే చెప్పె."

అమ్మ చాప మీద కూలబడింది. ఖాలా నీళ్లు తెచ్చి ఇచ్చింది. నాకు అప్పుడు భయం పూర్తిగా తెలియలేదు. అమ్మ లోటాను తాగకుండానే చాప మీద పెట్టి లేవడం మాత్రం చూశాను. ఇంటికి వచ్చాక కూడా ఆమె తేలు కుట్టిన దొంగ మాదిరి నోరు మూసుకునే ఉంది. నాన్నకు చెప్పలేదు. చిన్నమ్మకు చెబితే గుండె పగులుతుంది, చెప్పకపోతే స్వెట్టరు ఆ ఒంటి మీదే ఉంటుంది. చెల్లెలి మూడో బిడ్డను తన చేతులతోనే తీసుకుపోయి మృత్యువుకు అప్పజెప్పినట్టు అమ్మ అనుకుంది. ఇవాళ చదువుకున్నవాళ్లు నవ్వొచ్చు. రెండు సార్లు చెల్లెలి పక్కన కూర్చుని ఆ ఏడుపు విన్న మనిషికి నవ్వు రాదు.

అంతలో మా ఊరి నుంచి పత్తి బండ్లతో వచ్చిన మామ వరసాయన ఇంటికి వచ్చి అన్నం తింటూ, మాటల మధ్య, చిన్నమ్మ కొడుక్కి ఒళ్లు కాలుతోందని, వణుకుతున్నాడని చెప్పాడు. అమ్మ వడ్డిస్తున్న గరిట గిన్నెలోనే వదిలేసింది. ఆయన చెయ్యి కడుక్కునేలోపల నా రెక్క పట్టుకుని బయలుదేరింది.

గుడారాల వైపు. ఆ స్వెట్టరు బిడ్డ ఏ జబ్బుతో పోయాడో తెలుసుకుంటే దానికి తగిన మందో మొక్కో చూడవచ్చని అమ్మ ఆలోచన. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఆ మాట ఎట్లా అడగాలో మాత్రం దారి పొడుగునా ఆమెకు తోచలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఖాలా చెప్పిన గుర్తులతో అడిగి అడిగి గుడారం పట్టుకున్నాం. ఆమె మమ్మల్ని గుర్తుపట్టింది, ఖాలా అంగడిలో ఎప్పుడో చూసిందట. నామోషీగానే నవ్వి, చాప వేసి, కాఫీ పెట్టింది. గుడారం గుంజకు చిన్న టోపీ ఒకటి వేలాడుతోంది. దాన్ని చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి కొంగుతో మూతి తుడుచుకుని అడిగింది.

"బిడ్డ ఎప్పుడు పోయినాడమ్మా?"

కుళాయి దగ్గరి ఆ కొత్త రోజుల్లో అయితే ఆమె కూడా చెవులు మూసుకునేదే. కానీ అప్పటికి మా ఊరు వచ్చి రెండేళ్లు. మా మాట ఒంటబట్టింది.

"దసరా వెళ్లాక పోయినాడండీ" అంది నవ్వుతూ. "చూశారా, నాకూ మీ మాటే వచ్చేసింది."

కొడుకు పోయాడని నవ్వుతూ చెబుతున్న ఆ తల్లిని చూసి, దుఃఖానికి పాపం మతి చలించిందని మా అమ్మ నిశ్చయించుకుంది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏమొచ్చింది బిడ్డకు అని అడిగింది. ఈ దుమ్ము పడలేదనీ, ఒకటే దగ్గనీ, రోజూ జ్వరమేననీ, ఇక లాభం లేదని ఆయనే తీసుకెళ్లి దిగబెట్టి వచ్చారనీ ఆమె చెప్పింది. వాళ్ల వైపు దిగబెట్టడమంటే తోడువెళ్లి వదిలి రావడం. మేమైతే విడిచిపెట్టి రావడం అంటాం. మా అమ్మకు దిగబెట్టడం అంటే ఒకటే తెలుసు, గుంటలోకి. తండ్రి చేతులతోనే దిగబెట్టాడన్న మాట వినేసరికి ఆమె ఆగలేకపోయింది. భోరుమని ఏడ్చింది.

గుమాస్తా భార్య కంగారుపడిపోయింది. అంత బాధెందుకండీ, శివరాత్రికి వచ్చేస్తాడుగా అని మా అమ్మ వీపు నిమిరింది. అమ్మ ఏడుపు ఆపి ఆమె ముఖంలోకి చూసింది. యాడి నుంచి వస్తాడమ్మా అంది. వాళ్ల అమ్మమ్మ దగ్గర్నుంచి అంది ఆమె. ఆయమ్మ ఉండాదా అని అమ్మ మెల్లిగా అడిగింది. ఎందుకుండదూ, నిక్షేపంలా ఉంది అంది ఆమె. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నాకు ఓపిక తక్కువ, అప్పుడూ ఇప్పుడూ.

"అయితే వాడు చచ్చిపోలేదా?" అన్నాను.

మా అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు రెండు రోజులు నీలంగా ఉంది. కానీ మాట బయటికి వచ్చేసింది. అమ్మ మొత్తం చెప్పింది. ఖాలా అడిగే మాటకు అర్థమేమిటో, లేడంటే ఏమనుకుంటారో, స్వెట్టరు ఎక్కడికి పోయిందో, ఎవరి ఒంటి మీద ఉందో. అమ్మ చెబుతున్న కొద్దీ తేలికపడుతోంది. ఆ తల్లి ముఖం మాత్రం పాలిపోతోంది. కాలు జారితే తీసుకోవచ్చు, మాట జారితే తీసుకోలేం అంటారు. ఆమె తన కొడుకు లేడని తన నోటితో చెప్పింది, అదీ ఆ మాట అడిగే చోట. దూరాన ఉన్న బిడ్డ. చూసి ఎన్నాళ్లయిందో. అంతవరకూ మా అమ్మ గుండెల్లో ఉన్న రాయి నా కళ్ల ముందే లేచి పోయి ఆమె గుండెల్లో కూర్చుంది.

కాఫీ గ్లాసు అక్కడే పెట్టి లేచింది. తలుపు లేని గుడారం, తాళం వేసే పని కూడా లేదు. మాతో పాటు ఖాలా అంగడికి నడిచింది. ఈసారి కొంగు తల మీద లేదు. వీధిలో అందరూ చూశారు, ఆమె పట్టించుకోలేదు. ఖాలాకు విషయం చెబితే ముందు నోరు నొక్కుకుంది, తర్వాత నవ్వింది, తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది. ట్రంకుపెట్టె పక్కనున్న మూట తెచ్చి చాప మీద మధ్యలో పెట్టింది. కొత్తగా వచ్చిన మనిషిని అడిగినట్టే అడిగింది.

"బిడ్డ ఉండాడా అమ్మా?"

"ఉండాడు" అంది ఆమె. వాళ్ల మాట ఉన్నాడు. కానీ మా మాటే అంది, పొరపాటు మళ్లీ రాకూడదన్నట్టు. ఇంకోసారి, గట్టిగా, "ఉండాడు ఖాలా" అంది.

అప్పుడు ఖాలా సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఆమె వద్దంది. ఆ మూటలో మిగిలిన బట్టలన్నీ మా అమ్మ ఒళ్లో పెట్టి, ఆ పిల్లవాడికి తీసుకెళ్లండి, అమ్మొద్దు అంది. అట్లాంటి బిడ్డకు కొన్న బట్టకంటే ఒకరు చేతులారా ఇచ్చిన బట్ట ఎక్కువ మంచిదని మా వైపు నమ్మకం. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలిసే ఇచ్చిందని అమ్మ చాలాకాలం వాదించేది.

మర్నాడు పొద్దున బస్సెక్కాం. ఒక భయం తీరింది గానీ జ్వరం జ్వరమే కదా. బస్సు పత్తికొండ దాటి పోతూ ఉంటే, నల్లరేగడి చేలల్లో జొన్న నిలువెత్తు ఉంది. అమ్మ ఒక్కసారి కూడా బయటికి చూడలేదు. ఒళ్లోని మూటను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. ఆలూర్లో దిగి చేలకడ్డంగా నడిచాం. ఆమె వెంట నేను పరుగెత్తాల్సి వచ్చింది.

చిన్నమ్మ వాకిట్లో ఎండలో కూర్చుని ఉంది. ఒళ్లో వాడు. స్వెట్టరు తొడుక్కునే ఉన్నాడు. ముఖం వాడిపోయింది గానీ పాలల్లో నానబెట్టిన జొన్నరొట్టె తింటున్నాడు. రాత్రే చెమట పట్టి జ్వరం విడిచిందట. అమ్మ వాడి నుదురు, మెడ, పాదాలు తడిమి తడిమి చూసింది. వాడికి చిరాకేసి రొట్టె చేత్తో ఆమె ముక్కు మీద ఒకటిచ్చాడు. అప్పుడు అమ్మకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే, దాచిపెడదామని దారంతా అనుకున్నదంతా చెప్పేసింది. దారం లేదని చూసీ తీసుకున్న తన ఆత్రం, ఖాలా మాట, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న భయం, గుడారంలో జరిగింది, ఆ బిడ్డ నిక్షేపంగా ఉండటం. ఇంక భయం లేదులేమ్మా అని ముగించింది.

చిన్నమ్మ కోప్పడుతుందని నేను ఎదురుచూశాను. ఆమె కొడుకు మూతి తుడిచి, వాణ్ని నా ఒళ్లో పెట్టి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో చిన్న చొక్కాలు నాలుగైదు ఉన్నాయి. వెలిసినవి, మెత్తబడినవి. వాటిని అమ్మ ముందు పెట్టింది.

"నేనూ దాచినానక్కా. ఇవి పెద్దోళ్లిద్దరివీ. ఏట్లో కలపమని ఇచ్చిరి, నేను కలపలేదు. వీనికి ఇంట్లో ఇవే తొడుగుతాండా. నువ్వొస్తాండావంటే తీసి దాచిపెడతాండా."

అమ్మ వాటి వైపు చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది.

"వాళ్లు వీనికి అన్నలు కదక్కా" అంది చిన్నమ్మ. "తమ్మునికి కీడు చేస్తారా?"

మూడేళ్లుగా మా అమ్మ పట్నమంతా గాలించి ఎవరెవరి గట్టి బిడ్డల బట్టలో ఏరి తెస్తుంటే, చిన్నమ్మ అవన్నీ నలుగురిలోకి పోయేటప్పుడు తొడిగి, ఇంట్లో మాత్రం ఆ ఇద్దరి చొక్కాల్లోనే వాణ్ని పెంచింది. వాడు వాటిలోనే పాకాడు, వాటిలోనే నిలబడ్డాడు. అమ్మ ఒక చొక్కా తీసి పట్టుకుంది. ఎప్పుడూ చేసినట్టు చంకలు చూడలేదు, మెడ చూడలేదు. దాన్ని ఒళ్లో పరిచి ముడతలు సాపు చేసింది. ఎండ మా కాళ్ల మీది నుంచి గోడ మీదికి పోయింది. వాడు నా ఒళ్లో నిద్రపోయాడు.

అప్పుడు అమ్మ, వీటిలో పెద్దోనిది ఏదే, నడిపోనిది ఏదే అని అడిగింది. చిన్నమ్మ ఒక్కొక్కటే తీసి చూపించడం మొదలుపెట్టింది. ఇది పెద్దోడు నామకరణానికి తొడిగింది, వానికి నడకలో ఎడమ కాలు ముందు పడేది. ఇది నడిపోనిది, వాడు శానా నవ్వేటోడు. ఆ ఇద్దరూ పోయాక మా ఇంట్లో ఎవరూ వాళ్ల గురించి చిన్నమ్మను ఒక్క మాట కూడా అడిగి ఉండలేదు. ఆమె ఆ సాయంత్రమంతా చెబుతూనే ఉంది.